తెలుగు కీక్యాప్ సెట్టులో ఏ కీలు పెట్టాలి, ఏవి వదిలేయాలి?

మెకానికల్ కీబోర్డు పిచ్చి ఉన్నవాళ్ళు విజయవాడ నుంచి ఇద్దరు, గుంటూరు నుంచి ఇద్దరు కలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారంటే, ఎప్పుడో ఒకప్పుడు “మనమే ఒక తెలుగు సెట్టు (కీల మీద తొడిగే క్యాపులు) చేయిద్దామా” అనే మాట వచ్చి తీరుతుంది. వచ్చిన మరుక్షణం రంగుల గొడవ మొదలవుతుంది. ఒకరికి మిర్చి ఎరుపు కావాలి, ఇంకొకరికి పసుపు కావాలి, మూడోవాళ్ళు అప్పటికే బొమ్మ గీసి పెట్టేస్తారు. రంగులు ఆఖరి వారంలో కూడా మార్చుకోవచ్చు. కీల జాబితా తప్పితే మాత్రం డబ్బు కట్టినవాళ్ళ బోర్డు మీద రెండు మూడు చోట్ల పాత నల్ల క్యాపులే మిగిలిపోతాయి. కొత్త ఎర్ర సెట్టు మధ్యలో అవి ఎంత బాగుంటాయో మీకు తెలుసు. అందుకని రంగుల ఫైలు మూసేసి, ముందు జాబితా తేల్చండి. ఎలాగో వరుసగా చెప్తాను.

1. కీబోర్డు పేరు అడక్కండి, ఫోటో అడగండి

“నీది ఏ బోర్డు?” అంటే “సిక్స్టీ ఫైవ్ పర్సెంట్” అంటారు, అంటే పూర్తి సైజు నుంచి కొన్ని కీలు తగ్గించిన చిన్న బోర్డు. దాంతో మీకు ఏమీ తెలియదు. 65 శాతం బోర్డుల్లోనే కుడివైపు షిఫ్ట్ పక్కన, స్పేస్‌బార్ కుడిపక్కన రకరకాల అమరికలు ఉంటాయి. కొనాలనుకుంటున్న ప్రతి ఒక్కరినీ బోర్డుకి సరిగ్గా పైనుంచి ఒక ఫోటో తీసి పంపమనండి. పక్క నుంచి స్టైలుగా తీసినవి పనికిరావు.

ఫోటోలు వచ్చాక వాటిని గుంపులుగా విడదీయండి. మన దగ్గర ఎక్కువగా కనిపించేవి ఇవి: ఆన్‌లైన్లో తక్కువ ధరకి కొన్న 60 శాతం బోర్డులు, కీక్రాన్ కె2, కె6 లాంటి 75, 65 శాతం బోర్డులు, ఆఫీసుల్లో, డీటీపీ సెంటర్లలో టపటపలాడే టీవీఎస్ గోల్డ్ లాంటి పూర్తి సైజువి. పాత పూర్తి సైజు బోర్డు ఎవరిదైనా ఉంటే ఎంటర్, బ్యాక్‌స్పేస్, బ్యాక్‌స్లాష్ ఆకారాలు ఫోటోలో దగ్గరగా చూడండి. క్యాపు ఒకటి పీకి, అడుగున ప్లస్ గుర్తు ఆకారంలో స్టెమ్ (క్యాపు బిగుసుకునే కాడ) ఉందో లేదో కూడా చూపించమనండి. లేకపోతే ఆ మనిషిని లెక్కలోంచి తీసేయాల్సిందే, ఎంత దగ్గరి స్నేహితుడైనా సరే.

“రేపు కొనబోయే బోర్డు” గురించి చెప్పేవాళ్ళు ప్రతి గ్రూపులోనూ ఉంటారు. వాళ్ళ మాట వినండి, లెక్కలో రాయకండి.

2. పదిహేను సెంటీమీటర్ల స్కేలు చాలు

కీల సైజు కొలత “యూ”. ఒక మామూలు అక్షరం కీ ఆక్రమించే చోటు 1 యూ, అంటే 19.05 మిల్లీమీటర్లు. ఇది ఒక కీ నడిమి నుంచి పక్క కీ నడిమికి ఉన్న దూరం. క్యాపు దీనికంటే సుమారు ఒక మిల్లీమీటరు తక్కువ ఉంటుంది, మధ్యలో సందు ఉండాలి కదా.

ఫోటో చూసి అనుమానం వచ్చిన చోట స్కేలు పెట్టి కొలవమనండి. స్పేస్‌బార్ సుమారు 11.8 సెంటీమీటర్లు ఉంటే అది 6.25 యూ, 13.2 ఉంటే 7 యూ. ఈ రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి కానీ అడుగున స్టెబిలైజర్ల (పొడుగు కీ ఒక పక్కకి వాలకుండా పట్టి ఉంచేవి) మధ్య దూరం వేరు కాబట్టి ఒకదాని చోట ఇంకొకటి కూర్చోదు. కుడి షిఫ్ట్ 5.1 సెంటీమీటర్లకు కాస్త పైన ఉంటే 2.75 యూ, 3.2కి కాస్త పైన ఉంటే 1.75 యూ. స్పేస్‌బార్‌కి కుడివైపున్న ఆల్ట్, ఎఫ్ఎన్, కంట్రోల్ ఒక్కొక్కటి అక్షరం కీ అంతే ఉన్నాయా, కాస్త పెద్దవా అన్నది మూడో కొలత. 23 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే 1.25 యూ.

ఈ మూడు కొలతలు తెలిస్తే దాదాపు ఏ బోర్డుకి ఏం కావాలో చెప్పేయవచ్చు. మిగతావన్నీ చాలావరకు ఒకేలా ఉంటాయి: ట్యాబ్ 1.5, క్యాప్స్ లాక్ 1.75, ఎంటర్ 2.25, ఎడమ షిఫ్ట్ 2.25, బ్యాక్‌స్పేస్ 2.

3. ప్రొఫైల్ ముందే తేల్చండి, జాబితా పొడవు దాని మీదే ఆధారపడుతుంది

చాలామంది ప్రొఫైల్‌ని, అంటే క్యాపుల ఎత్తు, ఆకారాన్ని, చేతికి హాయిగా ఉందా లేదా అన్న సంగతిగానే చూస్తారు. సెట్టు తయారుచేసేవాళ్ళకి అది డబ్బు సంగతి కూడా.

చెర్రీ, ఓఈఎం, ఎస్‌ఏ లాంటి వాటిలో ఒక్కో వరుస ఒక్కో ఎత్తులో, ఒక్కో వాలులో ఉంటుంది. చెర్రీనే తీసుకుంటే అంకెల వరుసని 1వ వరుస అంటారు, క్యూ ఉన్నది 2, ఏ ఉన్నది 3, జెడ్ ఉన్నది 4. పైన ఫంక్షన్ కీలదీ 1వ వరుస ఆకారమే, కింద స్పేస్‌బార్ వరుస 4వ దాని ఆకారమే. ఇప్పుడు పేజ్ డౌన్ కీని చూడండి. పెద్ద బోర్డులో అది 2వ వరుసలో ఉంటుంది. 65 శాతం బోర్డుల్లో చాలావాటికి 3వ వరుసలో ఉంటుంది. పేరు ఒకటే అయినా క్యాపు వేరు. 2వ వరుస క్యాపు తెచ్చి 3వ వరుసలో పెడితే వేలికి తగులుతూ ఉంటుంది, కంటికీ ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది. కాబట్టి రెండూ చేయించాలి, రెండింటికీ డబ్బు కట్టాలి.

డీఎస్‌ఏ, ఎక్స్‌డీఏ లాంటి వాటిలో అన్ని వరుసలూ ఒకే ఎత్తు. ఒక పేజ్ డౌన్ చేయిస్తే ఎక్కడైనా పెట్టుకోవచ్చు. పైగా ఎక్స్‌డీఏ క్యాపు పైభాగం వెడల్పుగా ఉంటుంది. ఇంగ్లీషు అక్షరం పక్కనే రెండు తెలుగు అక్షరాలు ఇరికించాల్సిన మనకి ఆ చోటు చాలా విలువైనది. చెర్రీకి అలవాటుపడ్డ వేళ్ళకి ఇది చప్పగా అనిపిస్తుందని నాకు తెలుసు, నావీ అలాంటి వేళ్ళే. అయినా మొదటిసారి చేయించే చిన్న గుంపుకి నా ఓటు ఎక్స్‌డీఏకే.

తయారీ పద్ధతి మాట కూడా ఇక్కడే. అక్షరాన్ని వేరే రంగు ప్లాస్టిక్‌తో పోసే డబుల్‌షాట్ పద్ధతిలో ప్రతి అక్షరానికీ అచ్చు కావాలి. తెలుగు అక్షరాల అచ్చులు ఏ ఫ్యాక్టరీలోనూ సిద్ధంగా ఉండవు, కొత్తగా చేయించాలంటే మన గ్రూపు భరించలేదు. డై సబ్లిమేషన్లో రంగు ప్లాస్టిక్‌లోకి ఇంకుతుంది, అచ్చులతో పని లేదు, ఏ అక్షరం గీసిస్తే అది వస్తుంది. మామూలు డై సబ్‌లో లేత క్యాపు మీద ముదురు అక్షరమే వస్తుందని మాత్రం రంగులు ఎంచుకునేవాళ్ళకి ముందే చెప్పి ఉంచండి.

4. బేస్ కిట్టు: అందరికీ పడేది

హోటల్లో మీల్స్ టికెట్ తీసుకున్నట్టే ఇది కూడా. టికెట్‌లో వచ్చేది అందరికీ వడ్డిస్తారు, స్పెషల్ కావాలంటే విడిగా డబ్బు కట్టాలి. బేస్ కిట్టులో పెట్టే ప్రతి కీ ధరా, దాన్ని ఎప్పటికీ వాడనివాళ్ళ జేబులోంచి కూడా పోతుంది. ఈ మాట గుర్తుంచుకుని జాబితా రాయండి.

మొదలు 60 శాతం బోర్డు, 61 కీలు (ఎడమ పై మూలన ఎస్కేప్ కాకుండా, ఒకటి కీ పక్కన ఉండే గ్రేవ్ కీ ఉన్నట్టు లెక్క). దీనికి ఎస్కేప్, ఫంక్షన్ కీలు పన్నెండు, ప్రింట్ స్క్రీన్ వైపు మూడు, ఇన్సర్ట్, హోమ్ గుంపు ఆరు, బాణాలు నాలుగు కలిపితే 87. ఇక్కడిదాకా వాదనలేమీ ఉండవు.

ఆ తర్వాత 65, 75 శాతం బోర్డులకి కావాల్సినవి:

- 1.75 యూ కుడి షిఫ్ట్, ఒకటి
- 1 యూ ఆల్ట్, ఎఫ్ఎన్, కంట్రోల్, మూడూ 4వ వరుసవి
- చెర్రీ లాంటి ప్రొఫైల్ అయితే కుడివైపు నిలువు వరుస కోసం: 1వ వరుస డిలీట్, 2వ వరుస పేజ్ అప్, 3వ వరుస పేజ్ డౌన్, 3వ వరుస హోమ్, 4వ వరుస ఎండ్

ఆ చివరి ఐదు ఎలా వచ్చాయో చెప్తాను. ఒక్కో కంపెనీ ఆ నిలువు వరుసని ఒక్కోలా పెడుతుంది. పైనుంచి కిందకి హోమ్, పేజ్ అప్, పేజ్ డౌన్, ఎండ్ అని ఒక పద్ధతి. పేజ్ అప్, పేజ్ డౌన్, హోమ్, ఎండ్ అని ఇంకోటి. పైన డిలీట్, దాని కింద పేజ్ అప్, పేజ్ డౌన్ అని మరోటి. 87లో ఇప్పటికే 1వ వరుస హోమ్, పేజ్ అప్, 2వ వరుస డిలీట్, ఎండ్, పేజ్ డౌన్ ఉన్నాయి కాబట్టి, ఈ ఐదూ చేర్చితే మూడు పద్ధతులూ నిండుతాయి. మీ ఫోటోల్లో నాలుగో పద్ధతి కనబడితే అదొక్కటి చూసుకోండి. ఎక్స్‌డీఏ అయితే ఈ ఐదింటినీ కొట్టేయండి.

కింది వరుసలో విండోస్ గుర్తు వేయాలా, మ్యాక్ వాళ్ళ కోసం కమాండ్, ఆప్షన్ కూడా వేయాలా అని అడుగుతారు. విండోస్ గుర్తు బదులు అందరికీ సరిపోయే ఏదో ఒక బొమ్మ వేస్తే ఒకటే కీతో పని అయిపోతుంది. మ్యాక్ వాళ్ళకి ఆల్ట్ అన్న మాట చూస్తే కొంపేమీ మునగదు.

5. తెలుగు అక్షరాలు ఎన్ని కీల మీదికి పాకుతాయి?

చాలామంది ఇక్కడ “అక్షరాల కీలు 26 కదా, వాటి మీద తెలుగు వేసేస్తే సరి” అనుకుంటారు. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు లేఅవుట్ తెలియకపోవడం వల్ల వచ్చే లెక్క అది.

ముందు ఏ లేఅవుట్ వేయాలో చెప్తాను. విజయవాడ ప్రెస్సుల్లో, డీటీపీ సెంటర్లలో అను స్క్రిప్ట్ మేనేజర్ అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ మీద యాపిల్, మాడ్యులర్ లేఅవుట్లతో కొట్టేవాళ్ళు చాలామంది. వాళ్ళు కీబోర్డు వైపు చూడనే చూడరు, వాళ్ళకి అక్షరాలు అక్కర్లేదు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్ళకీ అక్కర్లేదు. చూసి నేర్చుకోవాల్సిన వాళ్ళు ఇన్‌స్క్రిప్ట్ వాళ్ళు. విండోస్‌లో తెలుగు కీబోర్డు చేర్చగానే వచ్చేది కూడా అదే. రెండు లేఅవుట్లు ఒకే సెట్టు మీద వేద్దామని ఎవరైనా అంటే మర్యాదగా టీ ఇప్పించి పంపేయండి.

ఇన్‌స్క్రిప్ట్‌లో ఎడమ చేతి వైపు అచ్చులు, గుణింతపు గుర్తులు, కుడివైపు హల్లులు. మధ్య వరుస ఏ నుంచి మొదలుపెడితే ో, ే, ్, ి, ు, ప, ర, క, త. ఇక్కడితో ఎల్ అయిపోయింది, కానీ అక్షరాలు అయిపోలేదు. చ సెమీకోలన్ మీద ఉంటుంది. ట దాని పక్కన కొటేషన్ గుర్తు మీద, డ చదరపు బ్రాకెట్ మీద, య స్లాష్ మీద. కామా కీని షిఫ్ట్‌తో నొక్కితే ష. మైనస్ కీని షిఫ్ట్‌తో నొక్కితే విసర్గ. ఈక్వల్స్ కీ మీద ృ, షిఫ్ట్‌తో ఋ. ట, డ, చ, య లేని తెలుగు వాక్యం ఒకటి రాసి చూడండి, ఎంతసేపు పడుతుందో.

అంటే “తెలుగు ఆల్ఫాస్” అని ఒక చిన్న కిట్టు విడిగా అమ్ముదామనుకుంటే, అందులో 26 అక్షరాలతో పాటు ఈ విరామ చిహ్నాల కీలన్నీ ఉండాలి. మిగతా అంకెల కీలు ఇంగ్లీషు కిట్టులోంచి తీసుకుంటే రంగు, అక్షరాల లావు రెండూ తేడా కొట్టే అవకాశం ఉంది. నన్నడిగితే విడి కిట్టు ఆలోచన మానేసి మొత్తం సెట్టే తెలుగుతో చేయించండి.

ఇక అసలు చిక్కు ఎడమ పక్క పై మూలన ఉంది. ఒకటి కీ పక్కన ఉండే గ్రేవ్ కీ మీద ఇన్‌స్క్రిప్ట్‌లో ొ ఉంటుంది, షిఫ్ట్‌తో ఒ. పూర్తి సైజు బోర్డులో, 75 శాతంలో ఇబ్బంది లేదు. 60, 65 శాతం బోర్డుల్లో ఆ మూలలో ఎస్కేప్ కూర్చుంటుంది. “కొత్త”, “పొలం”, “గొడవ”, “రొయ్య” ఇవేవీ నేరుగా కొట్టలేరు. చాలా బోర్డుల్లో ఎఫ్ఎన్ పట్టుకుని ఎస్కేప్ నొక్కితే గ్రేవ్ వస్తుంది. ప్రతి కొకీ పొకీ అలా నొక్కుతూ కూర్చుంటే విసుగొస్తుంది. కీబోర్డు లోపల నడిచే క్యూఎంకే సాఫ్ట్‌వేర్‌లో గ్రేవ్ ఎస్కేప్ అని ఒక ఏర్పాటు ఉంది కదా అంటారు. దాంతో షిఫ్ట్ పట్టుకుంటే ఒ వస్తుంది, ఉత్తినే నొక్కితే మాత్రం ఎస్కేపే వెళ్తుంది. మనకి ఎక్కువ కావాల్సింది ఉత్తి గుర్తే.

కీల జాబితా పరంగా దీనికి రెండు మార్గాలున్నాయి. 65 శాతం వాళ్ళకి అదనపు కీ అక్కర్లేదు: బేస్‌లో ఉన్న గ్రేవ్ కీ ఎలాగూ ఖాళీగా మిగిలిపోతుంది, అది 1వ వరుస క్యాపే కాబట్టి కుడివైపు నిలువు వరుసలో పైన పెట్టుకుని, వయా లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఆ చోటుకి గ్రేవ్ కేటాయించుకుంటే సరి. 60 శాతం వాళ్ళకి ఆ నిలువు వరుసే లేదు. వాళ్ళ కోసం కింద మూలన చిన్నగా ఒ, ొ ముద్రించిన ఇంకో ఎస్కేప్ కీ చేర్చండి. ఒక్క కీయే, ఖర్చు పెద్దది కాదు. తెలుగు కొట్టడానికి కొన్న సెట్టు మీద ఒ ఎక్కడుందో వెతుక్కునే పని తప్పుతుంది.

రూపాయి గుర్తు సంగతి. 2010లో ₹ వచ్చాక విండోస్ ఇంగ్లీష్ ఇండియా లేఅవుట్‌లో కుడి ఆల్ట్‌తో 4 నొక్కితే అది పడుతుంది. విడిగా కీ అక్కర్లేదు, 4 కీ మీదే కింద కుడి మూలన వేయండి. ఎవరూ కాదనరు.

ఒక కీ మీద ఎన్ని గుర్తులు అన్నది కూడా జాబితాలో భాగమే. ఎడమ చేతి వైపు షిఫ్ట్‌తో వచ్చేది ఊహించగలం: ి ఉన్న చోట ఇ, ు ఉన్న చోట ఉ. కుడివైపు చాలావరకు క ఉన్న చోట ఖ, త ఉన్న చోట థ. కానీ సీ మీద మ ఉంటే షిఫ్ట్‌తో ణ వస్తుంది, ఎమ్ మీద స ఉంటే శ వస్తుంది. ఇవి ఎవరూ ఊహించరు, ముద్రించాల్సిందే. కొన్నిటికి వేసి కొన్నిటికి మానేస్తే అసహ్యంగా ఉంటుంది కాబట్టి అన్నిటికీ వేయండి.

6. నంబర్ ప్యాడ్: గుంటూరు వాళ్ళని అడక్కుండా తీసేయకండి

ఇది విజయవాడ కుర్రాళ్ళకీ గుంటూరు వాళ్ళకీ మధ్య తప్పని తగువు. గన్నవరం ఐటీ టవర్లలో పనిచేసేవాళ్ళకి నంబర్ ప్యాడ్ అంటే టేబుల్ మీద వృథా చోటు. మిర్చి యార్డు కమీషన్ కొట్లో ట్యాలీ కొట్టే మనిషికి నంబర్ ప్యాడ్ లేకపోతే అది కీబోర్డే కాదు. బస్తాలు, క్వింటాళ్ళు, ధరలు రోజంతా కుడిచేత్తో పడుతూనే ఉంటాయి. ఫంక్షన్ వరుస కూడా అంతే: ఎఫ్5 పేమెంట్, ఎఫ్6 రిసీట్, ఎఫ్7 జర్నల్, ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్. 60 శాతం బోర్డు చూపిస్తే ఆయన నవ్వుతాడు.

నంబర్ ప్యాడ్‌కి 17 కీలు. 87కి కలిపితే 104. 96 శాతం బోర్డుల కోసం 1 యూ సున్నా ఒకటి వేయాలి, ఎందుకంటే వాటిలో రెండు యూల సున్నాకి చోటుండదు. మొత్తం 18.

విడి కిట్టుగా పెట్టాలా, బేస్‌లో కలపాలా? లెక్క ఇలా వేయండి. ఫ్యాక్టరీ ఒక్కో కిట్టుకి విడివిడిగా కనీస ఆర్డరు అడుగుతుంది. ఉదాహరణకి కనీసం 25 అన్నారనుకోండి. మీ దగ్గర బేస్‌కి 40 మంది ఉండి, నంబర్ ప్యాడ్ కావాల్సినవాళ్ళు 12 మందే ఉంటే విడి కిట్టు ఎప్పటికీ నిండదు. నిండకపోతే ఆ 12 మంది నంబర్ ప్యాడ్ ఒక్కటీ వదులుకుని ఊరుకోరు, మొత్తం సెట్టే వద్దంటారు. అప్పుడు బేస్ 28కి పడిపోతుంది, ఇంకో నలుగురు జారుకుంటే అదీ పోతుంది. కాబట్టి విడి కిట్టు దానంతటదే కనీస సంఖ్య దాటుతుందన్న నమ్మకం ఉంటేనే విడదీయండి. లేకపోతే బేస్‌లో కలిపేసి, 60 శాతం వాళ్ళ సణుగుడు భరించండి. వాళ్ళు సణుగుతారు కానీ కొంటారు.

7. వదిలేయాల్సినవి

ఐఎస్ఓ (యూరప్ అమరిక) ఎంటర్, 1.25 యూ ఎడమ షిఫ్ట్, దాని పక్కన ఇంకో 1 యూ కీ: మన దగ్గర అమ్మే బోర్డులు దాదాపు అన్నీ ఆన్సీవే, అంటే అమెరికా అమరికవే. ఇంగ్లండ్ నుంచి బావగారు తెచ్చిన బోర్డు ఒకటి గ్రూపులో ఉండొచ్చు. ఒక్కరి కోసం వద్దు.

40 శాతం బోర్డులకి కావాల్సిన పొట్టి స్పేస్‌బార్లు, చిన్న షిఫ్ట్‌లు కూడా వద్దు. ఇన్‌స్క్రిప్ట్‌కి పై వరుసలోని ఈక్వల్స్, గ్రేవ్ కావాలి, 40 శాతంలో అంకెల వరుసే ఉండదు. తెలుగు సెట్టుని దాని మీద పెట్టి లాభం లేదు.

7 యూ స్పేస్‌బార్ దగ్గర కాస్త ఆగండి. విడి భాగాలు తెప్పించుకుని బోర్డు కట్టుకునేవాళ్ళలో చాలామందికి ఇదే ఉంటుంది: 7 యూ స్పేస్, 1.5 యూ కంట్రోల్, ఆల్ట్ రెండేసి, మధ్యలో 1 యూ కీలు రెండు, అంతా కలిపి ఏడు. ఖర్చుకి వెనకాడనివాళ్ళు, ముందుగా డబ్బు కట్టేవాళ్ళు కూడా వీళ్ళే. ఫోటోల్లో ఇలాంటివి నాలుగైదు కనిపిస్తే బేస్‌లోనే పెట్టండి. ఒకటే కనిపిస్తే ఆ ఒక్కరికీ ఫోన్ చేసి చెప్పండి.

ఆలిస్ బోర్డు (కీలు మధ్యలో రెండుగా విడి, ఏటవాలుగా ఉండేది) ఉన్నవాళ్ళకి 2.25, 2.75 యూ స్పేస్‌బార్లు రెండు, ఇంకో బీ కీ కావాలి. రెండో బీ మీద కూడా వ వేయడం మర్చిపోకుండా ఉంటే, ఈ మూడూ విడిగా ఒక స్పేస్‌బార్ కిట్టులో పెట్టొచ్చు.

8. బొమ్మల కీలు

ఎస్కేప్ మీద మిరపకాయ, ఎంటర్ మీద ప్రకాశం బ్యారేజీ గేట్లు, ఒక కొండపల్లి బొమ్మ. ఎవరికి ఉండదు ఆశ? కానీ రెండు నియమాలు పెట్టుకోండి. బొమ్మల కీ 1 యూ సైజులోనే ఉండాలి, అది కూడా ఎస్కేప్, ఎఫ్ఎన్, కుడి నిలువు వరుస లాంటి చాలా బోర్డుల్లో ఉండే చోట్లకి సరిపోవాలి. ఎంటర్ సైజులో బ్యారేజీ గీస్తే అందంగానే ఉంటుంది, కానీ ఎంటర్ అసలుది ఒకటి ఎలాగూ చేయిస్తున్నారు, ఇద్దరిలో ఒకరు డబ్బాలోనే ఉండిపోతారు. రెండోది, బొమ్మలు నాలుగు మించకూడదు. పదిహేను బొమ్మలున్న సెట్లు చూశాను, బోర్డు మీద పెట్టేవి ఎప్పుడూ ఆ రెండు మూడే.

9. కాగితం మీద పెట్టి చూడండి

జాబితా అయ్యాక కీబోర్డ్ లేఅవుట్ ఎడిటర్ అనే వెబ్‌సైట్‌లో ఒక్కో బోర్డు అమరికా గీసి, అసలు సైజులో ప్రింట్ తీయండి. ఇది మామూలు జిరాక్స్ షాపులో అయ్యే పని. ప్రింట్ తీసే కుర్రాడికి “ఫిట్ టు పేజ్ తీసెయ్, వంద శాతం పెట్టు” అని గట్టిగా చెప్పండి, లేకపోతే కాస్త కుదించి ఇస్తాడు, కొలతలన్నీ పోతాయి. ఏ4 అడ్డంగా 29.7 సెంటీమీటర్లు, 60 శాతం బోర్డు 15 యూలు, అంటే 28.6, పట్టేస్తుంది, కాకపోతే అంచుల్లో ప్రింటర్ తినేసే కొద్దిపాటి చోటు చూసుకోండి. 87 కీల బోర్డు 34.8 కాబట్టి ఏ3 కావాలి. పూర్తి సైజు 42.9, ఏ3కి కూడా మించిపోతుంది, నంబర్ ప్యాడ్‌ని విడి కాగితం మీద తీయండి.

ఆ కాగితాల్ని కీలుగా కత్తిరించి, గ్రూపులో ఉన్న ఒక్కో రకం బోర్డు మీద పేర్చండి. ఖాళీ మిగిలిన చోటు ఏదైనా ఉంటే అది మీ జాబితాలో లేని కీ. ఏ బోర్డు మీదా పెట్టని ముక్క ఏదైనా చేతిలో మిగిలితే అది ఎందుకు చేయిస్తున్నారో ఒకసారి ఆలోచించండి. ఒక ఆదివారం పొద్దున అందరూ బోర్డులు పట్టుకుని ఒకచోట కూర్చుంటే టిఫిన్ అయ్యేలోపు తేలిపోతుంది.

10. ఫ్యాక్టరీకి పంపే షీటు

ఒక్కో కీకి ఒక్కో గడి. ఇంగ్లీషు గుర్తు, తెలుగు గుర్తు, షిఫ్ట్ తెలుగు గుర్తు, సైజు, వరుస, క్యాపు రంగు, అక్షరం రంగు, ఎన్ని కావాలి. ఎఫ్, జే కీలకి వేలికి తగిలే గీత కావాలని విడిగా రాయండి. మన లెక్కలో అవి ి, ర కీలు.

తెలుగు అక్షరాల్ని టెక్స్ట్‌గా పంపకండి. అక్కడ తెలుగు ఫాంట్ ఉండదు, ఉన్నా గుణింతం విడిపోయి వస్తుంది. కోరెల్‌డ్రాలో కన్వర్ట్ టు కర్వ్స్ చేసి, గీతలుగా మార్చి పంపండి. ఈ పని మన ప్రెస్సుల్లో ఏ డిజైనర్‌ని అడిగినా కళ్ళు మూసుకుని చేస్తారు. గుణింతపు గుర్తుల్ని ఒంటరిగా వదిలేయకుండా చుక్కల వలయంతో గీయించండి, ◌ి, ◌్ ఇలా. లేకపోతే పొల్లు గుర్తు క్యాపు మీద మరకలా కనిపిస్తుంది.

ప్రూఫ్ వచ్చాక తెలుగు చదవగలిగినవాళ్ళు ఇద్దరు, ఒకరు గట్టిగా చదువుతుంటే ఇంకొకరు షీటులో టిక్కు పెడుతూ చూడాలి. ముఖ్యంగా వత్తు అక్షరాల దగ్గర నిదానించండి: ద, ధ, థ, ప, ఫ, డ, ఢ, బ, భ. చిన్న సైజులో అడుగు చుక్కో గీతో ఎగిరిపోతే తెలుగు రాని ఫ్యాక్టరీ వాళ్ళకి తేడా తెలియదు. ె, ే పక్కపక్కన పెట్టి చూడండి, ొ, ో కూడా. ఆ తర్వాత ప్రూఫ్ మీద ఓకే రాసి, అడ్వాన్సు కట్టేముందు కీల సంఖ్య ఇంకొక్కసారి లెక్కపెట్టి, కొటేషన్‌లో ఉన్న సంఖ్యతో సరిపోయిందో లేదో చూసుకోండి.